ఎప్పటి చోటికేనా?

"టేబుల్ ఫ్యాన్ ఏదీ?"

మాటలమ్మ అడిగింది భర్తనే అయినా, చూసింది మాత్రం ఆయన చేతుల వైపు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. కళ్ళజోళ్ళ షాపు నడిపే మనిషి అద్దాలు తుడుచుకోవడంలో వింతేమీ లేదు. కాని తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడంటే ఏదో దాస్తున్నాడని ఆమె కాపురానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టేసింది.

"రిపేరుకిచ్చాను."

"బాగానే తిరుగుతోందిగా."

"చప్పుడు చేస్తోంది."

"నాకెప్పుడూ వినపళ్ళేదే."

"ఈ ఇంట్లో నీకు వినపడనిదేముందిలే" అని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఆ మాటలో ముల్లుందని ఆమెకు తెలిసింది. ఎందుకుందో తెలియలేదు.

పోయింది ఫ్యానొక్కటే అయితే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. వంటింట్లో చిన్న కుక్కరు కనపడడం లేదు. బీరువా మీద ఉండాల్సిన పాత దుప్పట్లు లేవు. వరండాలో మడతకుర్చీ ఉన్న చోట గోడకు దాని మచ్చ మాత్రం మిగిలింది. ఎలుకలు లాక్కెళ్ళినట్టు ఒక్కొక్క వస్తువే గడప దాటిపోతోంది. ఫ్యాను, కుక్కరు, దుప్పట్లు, కుర్చీ. ఇవన్నీ ఒకచోట చేరిస్తే ఏమవుతుందో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. ఇంకో ఇల్లవుతుంది.

ఇంకో ఇల్లంటే అందులో ఇంకో మనిషి ఉండాలి కదా.

అసలీ అనుమానానికి విత్తనం వేసింది మనుషులు కాదు, కారు. గేటు ముందున్న ఆ బూడిదరంగు కారు వీళ్ళది కాదు, మాటలమ్మ పనిచేసే కంపెనీది. దూరప్రయాణాలు చేసేవాళ్ళకు దారి చెబుతూ, కబుర్లాడుతూ, సామాను మరిచిపోకుండా గుర్తుచేస్తూ తోడుండే గొంతొకటి అందులో ఉంది. ఆ గొంతు ఎప్పుడు ఏమనాలో రాసేది ఈవిడే. అందుకే ఆఫీసులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ మాటలమ్మే. బజారులోకి వదిలేముందు పరీక్ష కోసమని కార్లను ఉద్యోగుల ఇళ్ళకిచ్చారు. తయారుచేసినవాళ్ళు నడపకూడదు, ఇంట్లోవాళ్ళే నడపాలని షరతు. అలా అది కొన్ని నెలల కిందట భర్త చేతికొచ్చింది.

మొన్న ఆదివారం అత్తగారితో కలిసి ముగ్గురూ బంధువులింటికి బయల్దేరారు. ఆయన ఇలా స్టార్ట్ చేశాడో లేదో, కారు పలకరించింది.

"రండి మాస్టారూ. ఎప్పటి చోటికేనా? మొన్నటిలా పక్కసీటు ముందుకు జరపమంటారా?"

పక్కసీట్లో కూర్చున్నది మాటలమ్మ. ఆమెది మొగుడితో సమానమైన పొడుగు. సీటు ముందుకు జరిపితే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అంటే మొన్న అక్కడ కూర్చున్నదెవరో పొట్టి మనిషి.

"ఎప్పటి చోటేమిటి?" అంది.

"ఏదో పొరపాటు పడ్డట్టుంది. యంత్రమేగా" అన్నాడాయన, ఆ యంత్రానికి మాటలు నేర్పిన మనిషితోనే. చెయ్యి చాచి గొంతు ఆపేశాడు. వెనకసీట్లో అత్తగారు, రోజూ చూసే వీధినే కొత్తగా చూస్తున్నట్టు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఆదివారం నుంచి ఇల్లు ఇల్లులా లేదు.

"గురువారం మీ షాపుకి సెలవు" అంది మాటలమ్మ ఇప్పుడు, కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంటూ. "సెలవు రోజు కారేసుకుని ఎక్కడికెళ్తున్నారు?"

"పనుండి వెళ్తున్నాను."

"పక్కసీట్లో ఎవరు?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ తీశాడు.

"ఎవరూ లేరనండి. అబద్ధమైనా సరే, ఒక్కసారి అనండి."

"అబద్ధం చెప్పను. నిజం చెప్పలేను. నన్నొదిలెయ్యి."

"పెళ్ళానికి చెప్పలేని నిజమేమిటండీ?"

"నీకు చెబితే అది నీ దగ్గరే ఉంటుందని నమ్మకమేంటి?"

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది ఈ వరస. గుట్టు నడుపుతున్నదేమో ఆయన, నమ్మకం లేని మనిషేమో తనా?

బల్ల అవతల అత్తగారు చిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నారు. మాటలమ్మ అటు తిరిగింది.

"మీరైనా చెప్పండత్తయ్యా. ఆదివారం మీరూ విన్నారుగా."

అత్తగారిది ఒకప్పుడు ఊరుకునే నోరు కాదు. పాలవాడితో, పక్కింటివాళ్ళతో, కుళాయితో, ఆఖరికి మాడిపోయిన గిన్నెతో కూడా మాట్లాడేవారు. ప్రతి మాటకూ ఒక సామెత, ప్రతి సామెతకూ ఒక విరుపు. అలాంటి మనిషి ఈమధ్య కొన్ని నెలలుగా ఊ, సరే, పెట్టనా అన్న ముక్కలతోనే రోజు గడిపేస్తున్నారు. వయసు మీద పడుతోందనుకుంది కోడలు. ఇల్లు ప్రశాంతంగా ఉందని లోలోపల సంతోషించింది కూడా, అదీ దాచడమెందుకు.

అత్తగారు తలెత్తారు. ఏదో చెప్పబోయినట్టు పెదాలు కదిలాయి. కోడలి మొహంలోకి ఒకసారి చూశారు. పెదాలు మళ్ళీ మూసుకున్నాయి.

"చిక్కుళ్ళు ముదిరిపోయాయి" అని గిన్నె పట్టుకుని లోపలికెళ్ళిపోయారు.

అయితే ఆవిడకూ తెలుసన్నమాట. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని కొడుకు గుట్టు కాస్తున్నారు. మాటలమ్మకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళిద్దరి మధ్యా తనెవరు, అద్దెకొచ్చిన మనిషా?

"ముందే చెబుతున్నాను" అంది లేచి నిలబడి. "ఎక్కడో ఇంకో ఇల్లుందనీ, అందులో ఇంకో మనిషుందనీ తేలిందంటే, నేనీ ఇంట్లో ఒక్కపూట కూడా ఉండను."

"ఇంట్లోంచి వెళ్ళేది నువ్వు కాదులే" అన్నాడాయన.

అని, నాలిక కరుచుకున్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, టిఫిన్ డబ్బా కూడా మరిచిపోయి, నడిచే వెళ్ళిపోయాడు షాపుకి.

*

ఆఫీసు బస్సుకి ఇంకా టైముంది. మాటలమ్మ కారు తలుపు తీసి పక్కసీట్లో కూర్చుంది. నడపకూడదన్నారు గానీ కూర్చోకూడదనలేదుగా.

"గురువారం ఈ సీట్లో ఎవరు కూర్చున్నారు?"

"అది నేను చెప్పే మాట కాదు తల్లీ" అంది కారు. "చెప్పాల్సినవాళ్ళున్నారు, వాళ్ళనడుగు."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ వాక్యం తను రాసిందే. ఒకరి ప్రయాణం గురించి ఇంకొకరడిగితే చెప్పకూడదని మీటింగులో పట్టుబట్టి సాధించింది కూడా తనే. అప్పుడు మిగతావాళ్ళు 'క్షమించండి, ఆ సమాచారం ఇవ్వలేము' అని పెడదామన్నారు. అది బ్యాంకు గుమాస్తా మాటలా ఉంది, ఇంట్లో పెద్దావిడ అన్నట్టుండాలి అని ఈవిడ కొట్టిపారేసింది. పెద్దావిడ అన్నట్టు కాదు, పెద్దావిడ అన్నదే అది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు భర్తకూ ఆయన అన్నగారికీ మాటలెందుకు లేవని అడిగితే, అత్తగారు సరిగ్గా ఈ మాటే అని తల నిమిరారు.

అడిగినప్పుడు నోరు మూసుకోమని కారుకు నేర్పింది. పలకరింపులో నోరు జారుతుందని మాత్రం తట్టలేదు. ఎక్కగానే ఆప్యాయంగా ఒక మాట అనాలి, అలవాటైన చోటు గుర్తుంచుకోవాలి, సీటు సంగతి అడగాలి అని మురిపెంగా రాసుకుంది. పక్కన పెళ్ళాం కూర్చుంటే అనకూడదని రాయడానికి, తన మొగుడికి అలాంటి చోటొకటుంటుందని కలగన్నదా?

*

ఆఫీసులో ఆవేళ రికార్డింగు. అద్దం అవతల గదిలో, కారుకు గొంతిచ్చే ఆవిడ మైకు ముందు కూర్చుంది. అద్దం ఇవతల మాటలమ్మ, చెవులకు హెడ్‌ఫోన్లు. పరీక్ష కార్లలో ఇప్పటికే ఉన్న మాటల్లో కొన్నిటిని ఇంకాస్త నెమ్మదిగా, ఇంకాస్త దగ్గరగా మళ్ళీ చెప్పించాలి.

"ఇది ఎవరితో అంటున్నట్టండీ?" అంది గొంతావిడ కాగితం చూస్తూ.

"డ్రైవరుతో కాదు. చాలా దూరం వచ్చారు, పక్కన కూర్చున్నవాళ్ళకి కునుకు పడుతోంది. నిద్రపోతే ఏమనుకుంటారోనని ఆపుకుంటున్నారు. వాళ్ళతో."

గొంతావిడ కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకుని అంది.

"కళ్ళు మూసుకోండి. నేను మేలుకునే ఉంటాగా."

రికార్డు చేసే అబ్బాయి మీట నొక్కడం మరిచిపోయాడు.

"ఇది కూర్చుని రాస్తే వచ్చే మాట కాదండీ" అంది గొంతావిడ. "ఎవరో మీతో అన్నారు కదూ?"

"మా అత్తగారు."

అన్నది ఆసుపత్రిలో. మాటలమ్మకు కడుపులో ఐదో నెల బిడ్డ పోయిన రోజు. పడుకుంటే పీడకల వస్తుందేమోనని ఆమె రెప్పవెయ్యలేదు. అత్తగారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకో తల్లీ, నేను మేలుకునే ఉంటాగా అన్నారు. మెలకువ వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి అక్కడే ఉంది. ఆ తర్వాత ఆ మాట గురించి ఇద్దరూ మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

"ఆవిడ విన్నారా, కార్లో?" అంది గొంతావిడ.

"వినే ఉంటారు."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు" అంది మాటలమ్మ.

నిజానికి అక్కడ ఆమె ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఎందుకంటే, అప్పుడే ఆమె చూపు గొంతావిడ కాళ్ళ మీద పడింది. కుర్చీ బాగా ముందుకు లాక్కున్నా ఆవిడ పాదాలు నేలకు ఆనడం లేదు. పొట్టి మనిషి. ఆ కళ్ళజోడు ఫ్రేము ఎక్కడో చూసినట్టుంది కూడా.

"కళ్ళజోడు కొత్తదా?"

"అవునండీ. మీవారి షాపులోదే. చాలా ఓపిగ్గా చూశారు. పోయిన గురువారం తీసుకుందామని వెళ్తే మూసేసుంది, శుక్రవారం మళ్ళీ వెళ్ళాను."

గురువారం వెళ్తే మూసేసుందట. ఎంత బాగా కట్టింది కథ. మాటలమ్మ ఆ మొహంలోకి గుచ్చి గుచ్చి చూసింది. ఆవిడ పాపం, తను చెప్పింది బాగా రాలేదేమో అనుకుని, ఇంకోసారి చెప్పనా అంది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? ఉదయం నుంచి బస్సులో, మెట్ల మీద, లిఫ్టులో కనపడిన ప్రతి పొట్టి ఆడమనిషినీ ఆమె ఆ సీట్లో కూర్చోబెట్టి చూసుకుంది. ఇలా ఇంకో రోజు గడిస్తే పిచ్చెక్కుతుందని ఆమెకే తెలిసిపోయింది. తలనొప్పిగా ఉందని చెప్పి మధ్యాహ్నమే ఇంటికి బయల్దేరింది.

*

ఇంటికి తాళం వేసి ఉంది. అత్తగారు లేరు. పక్కింటికెళ్ళి ఉంటారు. కారు మాత్రం గేటు ముందే ఉంది.

తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, లోపలున్న కారు తాళం తీసుకుని వచ్చి, ఈసారి డ్రైవరు సీట్లోనే కూర్చుంది. షరతు గిరతు జాన్తానై.

కారు అడిగితే చెప్పదు. సరే. కాని నడిపే మనిషి కూర్చుంటే దారి చూపిస్తుంది. నడిపేదెవరో అది పోల్చుకునేది సీటు ఉన్న చోటును బట్టి, అద్దం వంపును బట్టి. మనుషుల మొహాలూ గొంతులూ పోగుచేసి పెట్టుకోవడం తప్పు అని వాదించి, ఈ పద్ధతి పెట్టించిందీ ఈ మహాతల్లే. భర్త సీటు ఎలా వదిలాడో అలాగే ఉంది. ఆమె దేన్నీ కదపలేదు. స్టార్ట్ చేసింది.

"రండి మాస్టారూ. ఎప్పటి చోటికేనా?"

"ఊ" అంది మాటలమ్మ.

"అయితే ముందు కుడివైపు."

సైకిళ్ళ షాపు దాటింది. బడి ప్రహరీ దాటింది. వంతెన ఎక్కి దిగాక రోడ్డు సన్నబడింది. బట్టలు ఆరేసిన మేడలు, ఇస్త్రీబండి, మూసి ఉన్న జిరాక్సు దుకాణం. తమ ఇంటికి ఇంత దగ్గర్లో ఇలాంటి పేట ఒకటుందని ఆమెకు తెలియనే తెలియదు.

"ఇవాళ వెనక సామానేమీ లేదే" అంది కారు, ఎంతో ఆదరంగా. "అంతా చేరవేసేసినట్టేనా?"

మాటలమ్మ పళ్ళు బిగించింది. ఇదీ తను రాసిందే.

"ఎడమవైపు సందులోకి తిప్పండి. నీలం తలుపు. వచ్చేశాం."

చిన్న ఇల్లు. ముందు భాగంలో ఇంటివాళ్ళు, వెనక వైపు ఒక గది, దానికి వేరే తలుపు. ఆ తలుపు పక్కన తమ మడతకుర్చీ. దాని చెయ్యి మీద ఒక తువ్వాలు ఆరేసి ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది, ఆగి ఆగి కీచుమంటోంది. అయితే చప్పుడు చేస్తోందన్నమాట నిజమే.

తలుపు తన్నేద్దామన్నంత ఆవేశంతో వచ్చింది. కాని గుమ్మం దగ్గరికి రాగానే లోపల్నుంచి ఆడమనిషి నవ్వు వినపడి కాళ్ళు ఆగిపోయాయి. ఎంత హాయిగా నవ్వుతోందో. ఆ నవ్వు ఎక్కడో విన్నదే. చాలా రోజులైంది విని.

అది అత్తగారి నవ్వు.

"కోడలు గయ్యాళా ఏంటండీ?" అని ఇంకెవరో అడుగుతున్నారు. ఇల్లుగలావిడ కాబోలు.

"అయ్యో, అదేం మాటమ్మా. పిల్ల బంగారం. గయ్యాళైతే నాలుగు తిట్టి నాలుగు తిని ఉండేదాన్ని." అత్తగారి గొంతు గలగలా పారుతోంది. "నేనేమన్నా చెవులప్పగించి వినేది. ఈ రోజుల్లో అత్త మాట వినే కోడలెవరని మొదట్లో ఎంత మురిసిపోయానో. ఆ కారొచ్చాక తెలిసింది ఎందుకు వింటోందో. నేను వంటింట్లో అన్న మాటలన్నీ అందులోంచే వస్తున్నాయి. పోనీలే, సామెతలు నా సొత్తా అని సరిపెట్టుకున్నాను. ఒకరోజు కునికిపాట్లు పడుతుంటే ఆ పెట్టె నాతో అంటుంది కదా, కళ్ళు మూసుకోండి, నేను మేలుకునే ఉంటాగా అని."

ఫ్యాను కీచుమంది.

"అది నేను దాని బిడ్డ పోయిన రోజు అన్న మాటమ్మా. నాకూ దానికీ తప్ప మూడో మనిషికి తెలీదు. ఇప్పుడది ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీ చెబుతుందట."

"అడక్కపోయారా?"

"ఏమని అడగను? అడిగితే ఆ అడిగింది కూడా పట్టుకెళ్ళి రాసేస్తుందేమోనని భయం. అందుకే ఇంట్లో నోరు కట్టేసుకున్నాను. మాట్లాడకుండా ఎన్నాళ్ళుంటాను చెప్పు. గది చూడమని అబ్బాయినడిగితే ముందు కుదరదన్నాడు, బతిమాలాడు. దానికి చెప్పనని ఒట్టేయించుకుని మరీ తెచ్చుకున్నాను వాణ్ణి. ఈ ఆదివారం చెప్పేసి వచ్చేస్తాను."

ఇంకో మనిషి లేదు. ఆ సీట్లో కూర్చున్న పొట్టి మనిషి అత్తగారే. ఆ ఒక్క సంగతికి మాటలమ్మకు గుండె తేలికపడింది, పడి ఒక ఊపిరి కూడా కాకముందే మిగతాది వచ్చి మీద పడింది. నీకు చెబితే నీ దగ్గరే ఉంటుందని నమ్మకమేంటి అన్నాడాయన. ఇంట్లోంచి వెళ్ళేది నువ్వు కాదులే అన్నాడు. నిజమే చెప్పాడు మనిషి, పొద్దున్నుంచీ. ఆమెకు సిగ్గేసింది. లోపలికెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది, ఒక్క మాట కూడా ఇక ముట్టుకోనని చెప్పాలనిపించింది.

"ఉండగలరా మరి, ఈ వయసులో కొత్తచోట?" అంటోంది ఇల్లుగలావిడ.

"కొత్తచోటు కొత్తచెప్పుల్లాంటిదమ్మా. నాలుగు రోజులు కరుస్తుంది. ఆ తర్వాత మన కాలి సంగతి దానికే తెలుస్తుంది."

ఎంత బాగుంది, అనుకుంది మాటలమ్మ.

కొత్తచోటు కొత్తచెప్పుల్లాంటిదండీ. నాలుగు రోజులు కరుస్తుంది. తెలియని ఊళ్ళోకి మొదటిసారి కారు తిరిగినప్పుడు, ఊరి పేరు చెప్పాక చిన్న విరామం ఇచ్చి, అక్కడ అనిపిస్తే ఎంత చక్కగా అతుకుతుందో. మరిచిపోకుండా ఉండాలని పెదాలతో ఇంకోసారి అనుకుంది. అమ్మా తీసేసి అండీ పెడితే చాలు.

తలుపు తెరుచుకుంది.

చేతిలో ఖాళీ చెంబుతో అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. కోడల్ని చూశారు. సందులో ఆగి ఉన్న బూడిదరంగు కారును చూశారు. ఆ తర్వాత మళ్ళీ కోడలినే, కళ్ళల్లోకి కాదు, ఇంకా కదులుతున్న ఆ పెదాల వైపు చూశారు.

"ఇది కూడానా?" అన్నారు.

లోపలికి రమ్మనలేదు. తలుపు మీద చెయ్యి తియ్యలేదు.